వడ్ల అర్ర గడప

మీలో ఎవరైనా మున్సిపాలిటీలో కట్టడాల తనిఖీ పనికి కొత్తగా చేరి ఉంటే ఈపాటికే ఒక సంగతి అర్థమై ఉంటుంది. మనం వస్తున్నామంటే ఏ ఇంట్లోనూ ఎవరూ సంతోషించరు. చుట్టం వస్తే చాయ్ పెడతారు. మనం వస్తే చాయ్ పెట్టాలా వద్దా అని వంటింట్లో చర్చ పెడతారు. తాగితే లంచమేమో, తాగకపోతే పొగరేమో అని ఇవతల మనమూ ఆలోచిస్తూ ఉంటాం. నేను సర్వీసంతా తాగాను. చక్కెర మాత్రం తక్కువ వేయమనేదాన్ని.

ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానని మాటవరసకు అంటున్నాను గానీ, వీధిలో ఎవరింటి ముందు ఇసుక కుప్ప పడినా నా కాళ్లు ఆగవు. "సర్వీసు అయిపోయింది, కండ్లకు కూడా పింఛను ఇచ్చి పండవెట్టరాదూ" అని మా ఆయన ఎగతాళి చేస్తారు. ఫంక్షన్ హాళ్లు చూశాను, మూడంతస్తుల దుకాణాలు చూశాను, రోడ్డు మీదికి మెట్లు కట్టి దబాయించిన పెద్దమనుషులనూ చూశాను. అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. విడిగా గుర్తున్నది ఒక మరుగుదొడ్డి. నవ్వితే నవ్వండి.

బాన్సువాడ పంచాయతీగా ఉండి మున్సిపాలిటీ అయిన తర్వాతి మాట. రూల్సు కొత్తగా వచ్చాయి, ఇళ్లు మాత్రం పాతవే. ఒకరోజు ముసురులో తడుస్తూ ఒక రైతు ఆఫీసుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి. గొడుగు ఉంది గానీ చంకలో ఉంది. కోపంలో దాన్ని తెరవడం మరిచిపోయినట్టున్నాడు.

"మేడం, మా అన్న వడ్ల అర్రల సండాసు కట్టిండు. గా గోడకు ఇటు దిక్కు మా దేవుని గూడున్నది. ఇద్దరికి గోడ ఒక్కటే. నేను ఇటు దీపం వెడితే ఆయిన అటు నీళ్లు ఇడుస్తడు. గిది న్యాయమేనా?"

"ఇడుస్తున్నడా, ఇడుస్తడా?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"ఇంక ఇడ్వలే. కట్టినంక దాంట్లకు ఎవ్వరు పోతలేరు. గని రేపు వోతరు గద?"

కట్టుకున్న మరుగుదొడ్డికి ఎవరూ పోకపోవడం ఏమిటా అని అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఆయన్ని మా సారు దగ్గరికి పంపించాను.

మా సారు నాకంటే చాలా చిన్నవాడు. పరీక్ష రాసి నేరుగా పై కుర్చీలో కూర్చున్నవాడు. రూల్సు పుస్తకం పేజీలతో సహా కంఠతా. చెడ్డవాడు కాదు, కాకపోతే మనిషి మాట్లాడుతుంటే ఆ మాట ఏ రూలు కిందికి వస్తుందా అని వెతుక్కునే రకం. ఫిర్యాదంతా విని, "రూల్స్‌లో దేవుడు లేడు మేడం. గాలి ఉంది, గుంత ఉంది. అవి చూద్దాం పదండి" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. ఇంట్లో ఉన్న గదిని ఎవరికి వారు మరుగుదొడ్డిగా మార్చుకున్నా కొన్ని తప్పవు. గాలి నేరుగా ఆరుబయటికి పోవాలి, ఇంకో గదిలోకి పోకూడదు. మురుగు గుంత తాగునీటి బోరుకు దూరంగా ఉండాలి. లేకపోతే నోటీసు. నోటీసుకూ కదలకపోతే తాళం.

మాతో పాటు టేపు పట్టే అటెండరు బయలుదేరాడు. ఆయన సర్వీసులో నాకంటే పెద్ద. టేపు ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస నా చేతిలో పెట్టుకుని ఈ ఊళ్లో తిరగని గల్లీ లేదు. ఆయన అంకెలు ఉర్దూలో చదివేవాడు, నేను తెలుగులో రాసుకునేదాన్ని. ఒక్కసారి కూడా లెక్క తేడా రాలేదు. ఆయన ఆటోలో ముందు సీట్లో కూర్చుని, "అన్నదమ్ముల పంచాయితీ మేడం. గిది టేపుతోని తెగేది కాదు" అని ముందే చెప్పేశాడు.

వడ్ల అర్ర గురించి ఈ కాలం పిల్లలకు కొంచెం చెప్పాలి. పూర్వం పంట ఇంటికి వచ్చేది. మిద్దె మీద ఎండబోసి, ఏడాది గ్రాసం ఒక గదిలో పోసుకునేవారు. ఆ గదికి కిటికీ ఉండదు, ఎలుకలూ తేమా రాకూడదని. గడప మాత్రం మోకాలికి కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. లక్ష్మి ఉండే గది కాబట్టి శుక్రవారం ఆ గడపకు పసుపు రాస్తారు. ఇప్పుడు మిషన్ కోస్తుంది, ట్రాక్టరు కాంటాకు మోస్తుంది, అక్కడి నుంచి లారీ మిల్లుకు తీసుకుపోతుంది. వడ్లు ఇంటి మొహమే చూడవు. అర్రల్లో పాడైన కూలర్లూ మందు కొట్టే డబ్బాలూ ఉంటున్నాయి.

ఆ ఇల్లు పాత మిద్దె, మధ్యలో గోడ పెట్టి అన్నదమ్ములు పంచుకున్నది. అన్న వాటా మొహంలో, అంటే ముందు సావిట్లో, ఒక మంచం, మంచంలో ఆయన భార్య. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కర్ర పట్టుకుని కాళ్లీడ్చుకుంటూ నాలుగడుగులు వేస్తుంది. పెదవులు ఎండి, తోలు లేచి ఉన్నాయి. పాత మరుగుదొడ్డి పెరడు చివర, బర్రెల కొట్టం దాటాక ఉంది. ముసురుకు ఆ దారంతా బురద.

అన్న వయసులో నాకంటే పెద్దవాడు. కోటగిరి దిక్కు కాలువల మీద లష్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. తూము తలుపులు ఎత్తడం, దించడం, ఏ పొలానికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూడడం, అదీ ఆయన ఉద్యోగం. నోటీసు ఇవ్వడానికి వచ్చినవాళ్లమని తెలిసి కూడా మమ్మల్ని చూసి సంబరపడ్డాడు. తను చేసిన పనిని చూపించుకోవడానికి ఆయనకు అప్పటిదాకా ఎవరూ దొరకలేదు.

"మేస్త్రీని పిలువలే మేడం. ఫోన్ల సూసుకుంట ఒక్కొక్కటి నేనే నేర్సుకున్న. గీ టైల్సు నేనే, గీ పైపు నేనే."

లోపల తెల్ల టైల్సు, వాటికి నీలం పూలు. కూర్చునే కమోడు, అందేంత దూరంలో నల్లా. బకెట్ నీళ్లు గుమ్మరించి చూపించాడు. నీళ్లు గిరుక్కున తిరిగి జాలీలోకి పోయాయి, చుక్క నిలవలేదు. "జిందగంత నీళ్లనే తోలిన, నాకు తెల్వదా వాలు?" అన్నాడు. పాత టేకు గడప అలాగే ఉంది, దాని మీద పసుపు తాజాగా ఉంది. దానికి ఆనించి లోపలివైపు ఇటుకలతో ఇంకో గట్టు పోశాడు. "ఎన్ని నీళ్లు వోసినా ఇవతలికి రావు" అని ఆ గట్టును చేత్తో తట్టాడు. కాలువ మీద బతికిన మనిషికి నీళ్లంటే గట్టే గుర్తుకొస్తుంది.

"మంచిగున్నది. మరి ఎందుకు వాడుతలేరు?" అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. గొంతు తగ్గించాడు. "ఆమె రాదు మేడం. లక్ష్మున్న అర్ర గద, పట్టింపు. అయ్యగారిని పిలిచి శాంతి గూడ చేపిచ్చిన. అయినా రాదు. బురదల నేనే పట్టుకోని కొట్టం దాక తీస్కపోతున్న. నా మీద బరువెందుకని నీళ్లు తాగుడు బంద్ వెట్టింది. మూత్రంల మంటతోని రెండుసార్లు దవాఖానకు తీస్కపోయిన. డాక్టరమ్మ నన్ను తిట్టింది."

మా వెనకాలే వచ్చి వాకిట్లో నిలబడ్డ తమ్ముడు అందుకున్నాడు. "వదినెకున్న బుద్ధి అన్నకు లేదు."

మంచంలోని ఆమె దూలాల వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇంతలో మా సారు గది నాలుగు గోడలూ చూశాడు. ఒకటి తమ్ముడి దేవుని గూటి గోడ. ఒకటి మొహం, ఒకటి పక్క అర్ర, ఇంకొకటి వంటిల్లు. గాలి ఎటు పోతుందని అడిగితే అన్న ఒక స్విచ్ నొక్కాడు. వంటింటి గోడలో పెట్టిన ఫ్యాను బర్రున తిరిగింది.

"వంటింట్లోకా?" అన్నాడు సారు. ఆయన మొహం చూసి నాకు నవ్వాగలేదు. దగ్గు తెచ్చుకున్నాను.

"వంటింట్ల నుంచి కిటికీల పోతది సారూ, వొంపు సూసి వెట్టిన."

సారు తల అడ్డంగా ఊపాడు. గుంత బాగానే ఉంది, బోరుకు దూరంగానే ఉంది, కానీ గాలి లేదు. నోటీసు ఇవ్వాల్సిందే, గడువులోగా సరిచేయకపోతే మూసేయాల్సిందే అన్నాడు.

అన్న అక్కడే నేల మీద గొంతుకూర్చున్నాడు. "మూస్తె మూయుండ్రి సారూ. ఇయ్యాల గాకుంటె రేపు, ఆమెకు పట్టింపు వోతదని ఆశ వెట్టుకున్న. నాకు గూడ వయసైపాయె. ఎన్ని వానలు మోస్త ఆమెను?"

ఫిర్యాదు ఇచ్చిన తమ్ముడు వాన వైపు చూస్తూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి ఆయనే విసుగ్గా, "గవాచి ఏమాయె మరి?" అన్నాడు.

గవాచి అంటే మిద్దె కప్పులో వదిలిన చదరపు కంత. ఎండిన వడ్లను పైనుంచే అర్రలోకి జారవిడవడానికి.

"వాన నీళ్లొస్తయని బండేసి మూసిన" అన్నాడు అన్న.

"నీకు నీళ్ల ఫికర్ తప్ప ఇంకోటి లేదు! చిన్నప్పుడు మిద్దె మీదికెల్లి వడ్లు వోసింది నేను. నాకు తెల్వదా?" అంటూ తమ్ముడు ఆ వానలోనే నిచ్చెన ఎక్కాడు. పైన బండ జరిగిన చప్పుడైంది. చీకటి అర్రలోకి ఒక్కసారి వెలుతురు పడింది, వెంట నాలుగు చినుకులు. వెలుతురు సరిగ్గా కమోడు మీద పడింది. తన ఫిర్యాదును తన చేతులతోనే సగం కొట్టేశానని ఆ మనిషికి తెలిసిందో లేదో.

సారు పైకి చూసి, చాలాసేపు చూసి, "దీని చుట్టూ నాలుగు వైపులా జాలీ కట్టి, మీద వాన పడకుండా కప్పు వేస్తే సరిపోతుంది" అన్నాడు. కంత కొలవమని అటెండరుకు చెప్పాడు. అటెండరు టేపు లాగుతూ, తల పైకెత్తి ఆ వెలుతురునే చూస్తూ లోపలికి నడిచాడు. గడప దాటాడు గానీ గట్టు ఆయన లెక్కలో లేదు.

"యా అల్లా!"

టేపు ఒక పక్క, మనిషి ఒక పక్క. మేమంతా ఆయన్ని లేపుతున్నాం. అప్పుడు మంచం మీంచి నవ్వు వినిపించింది. "మంచి కాళ్లున్నోనికే గట్లయె" అని ఆమె తనలో తాను గొణుక్కుంది. వెంటనే నోరు మూసేసుకుంది.

మగవాళ్లు అటెండరు బొటనవేలు చుట్టూ చేరారు. నేను వెళ్లి మంచం పట్టె మీద కూర్చున్నాను.

"అక్కా, లక్ష్మి పట్టింపు నిజమేనా?"

"లక్ష్మా? లక్ష్మి ఎప్పుడో లారెక్కి మిల్లుకు వోయింది చెల్లె."

"మరేంది?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "నా ఎడమ కాలు లేస్తలేదు. కడప దాటాలె, మల్ల గట్టు దాటాలె. ఆయిన లేనప్పుడు ఒకపారి పోయి సూసిన. నడుమల ఇర్కిన. ఇటు రాలే, అటు పోలే. ఆయినొచ్చేదాక కడప మీదనే కూసున్న. ఏం చేస్తున్నవని అడిగిండు. పసుపు రాస్తున్ననని చెప్పిన."

"ఆయనకు చెప్పరాదూ?"

"ఎట్ల చెప్పుదు? పెండ్లయినకాంచి ఒక్క చెంబు నీళ్లు ముంచిచ్చిన మనిషి కాదు. ఎండకాలమంత నా కోసం సిమెంటు కలిపిండు. చేతులు పుండ్లు వడ్డయి. గంత చేసినంక నీ గట్టే నాకు అడ్డమైతుందని ఎట్లంట? లక్ష్మి పట్టింపా అని ఆయినే అడిగిండు, ఆఁ అన్న. ఇగ కడప మా మామ వెట్టిచ్చింది. కడప తీయుమన్న కోడలు ఏడనన్న ఉంటదా చెల్లె?"

నేను మంచం మీద నుంచి లేచాను. ఆమె చెప్పింది చెప్పినట్టు ఆయనకు చెబితే ఆయన ఎండాకాలం కష్టమంతా నీళ్లపాలు. చెప్పకపోతే ఆమె నీళ్లు తాగదు. పైగా తండ్రి పెట్టిన గడపను ఆయన తనంతట తాను ముట్టుకోడు. ఆ రెంటి మధ్యా ఉన్నది ప్రభుత్వోద్యోగులం మేమే. నేను నా ఆఫీసు గొంతు తీశాను. ఆ గొంతు నాకు బాగా వచ్చు, మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

"ఇంకో లోపం ఉన్నది. సండాసుకు కడప ఉండొద్దు, గట్టు ఉండొద్దు. నేల సాఫుగ ఉండాలె. రూలు."

అన్న దిగ్గున లేచాడు. "కడప తీసుడేంది మేడం? ఇంటికి అరిష్టం. మా నాయిన వెట్టిచ్చింది!" నాతో లాభం లేదనుకుని సారు వైపు తిరిగాడు. "సారూ, గట్ల రూలున్నదా?"

లేదు. నలుగురూ వచ్చిపోయే కట్టడాలకు అలాంటివి ఉన్నాయి గానీ, ఎవరింట్లో వాళ్లు కట్టుకున్నదానికి లేదు. ఆ సంగతి నాకంటే సారుకే బాగా తెలుసు, పేజీతో సహా. అటెండరు కాలు పట్టుకుని గవాచి వైపు చూస్తున్నాడు. రిటైర్‌మెంటు ముందు, ఒక చిన్నవాడి చేతిలో, ఇంతమంది ఎదుట అబద్ధాలకోరుననిపించుకోబోతున్నాను.

సారు నా వైపు చూశాడు. తర్వాత మంచం వైపు చూశాడు. ఆమె ఆయన్నే చూస్తోంది. కర్ర, ఎండిన పెదవులు, గడప. ఆయన చూపు ఒకదాని మీంచి ఒకదాని మీదికి పోవడం నేను గమనించాను.

"ఉంది" అన్నాడు. "చాలా గట్టి రూలు. గడప తీయకపోతే ఒప్పుకోం. తీయమన్నది సర్కారు కాబట్టి, అరిష్టమేదైనా ఉంటే సర్కారుకే తగులుతుంది."

ఆ అబ్బాయిని ఆ క్షణం ముద్దు పెట్టుకోవాలనిపించింది. నా కొడుకు వయసు వాడు కాబట్టి ఈ మాట రాయొచ్చు.

గడ్డపార వచ్చింది. అన్న దాన్ని పట్టుకుని గడప ముందు నిలబడ్డాడు గానీ చెయ్యి లేవలేదు. చూసి చూసి తమ్ముడు ముందుకొచ్చాడు. "ఇటియ్యే అన్నా. నాయిన ఇద్దరికి నాయినే." వంగి గడపను ముట్టుకుని ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు, వేళ్లకు పసుపు అంటింది. తర్వాత గడ్డపార దించాడు. పాత టేకు, మొండిగా ఉంది. కిర్రుమంటూ, కొంచెం గోడ పెళ్లతో సహా బయటికొచ్చింది. గట్టును మాత్రం అన్నే పగలగొట్టుకున్నాడు. పగలగొడుతూ పగలగొడుతూ మధ్యలో ఆగి భార్య వైపు చూశాడు. ఆమె వెంటనే చూపు తిప్పుకుంది. ఆయనకు అంతా తెలిసిపోయిందని నాకు అనిపించింది. ఆయన మిగిలిన రెండు ఇటుకలనూ చేత్తోనే ఊడదీశాడు.

పెళ్లలు ఊడ్చాక ఆమె మంచం మీద లేచి కూర్చుంది. "అందరు బయటికి నడువుండ్రి" అంది.

అంతే. సారు, అటెండరు, అన్న, తమ్ముడు, నలుగురు మగవాళ్లూ గల్లీలోకి పోయి చినుకుల్లో నిలబడ్డారు. తమ్ముడి గొడుగు మళ్లీ చంకలోకే చేరింది. నేను వీధి తలుపు దగ్గర ఉన్నాను. కర్ర చప్పుడు, కాలు ఈడ్చిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. కాసేపటికి నీళ్లు గుమ్మరించిన చప్పుడు. ఆ నీళ్లు తమ్ముడి దేవుని గూటి గోడ పక్కనుంచే పోయాయి. గల్లీలోకి వినిపించాయి కూడా.

"దేవుని గూడు తూర్పు గోడకు మార్సుకుంట లే" అన్నాడు తమ్ముడు, ఎవరినీ చూడకుండా. మళ్లీ తనే, "ఒక్కమాట నాతోని ముందుగాల చెప్పి కట్టుండొద్దా?" అన్నాడు. అసలు ఫిర్యాదు అదేనని మాకందరికీ అప్పుడు తెలిసింది.

ఆటోలో తిరిగొస్తుంటే ఎవరం ఆ రూలు మాట ఎత్తలేదు. తర్వాత చాన్నాళ్లకు, సారుకు బదిలీ అయి వెళ్లిపోయే రోజున, శాలువా కప్పించుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "మేడం, ఆ గడప రూలు ఏ పేజీలో ఉంది?" అన్నాడు.

"ఉందని చెప్పింది మీరే గద సార్" అన్నాను. ఆయన అంత గట్టిగా నవ్వడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి.

మీకు రూల్సు తప్పమని చెప్పడానికి ఇదంతా రాయలేదు పిల్లలూ. నూటికి తొంభై ఇళ్లలో రూలే మనుషులను కాపాడుతుంది. వంటింట్లోకి తిరిగే ఫ్యాన్లను నేను ఇప్పటికీ క్షమించను. కానీ కొలిచేటప్పుడు ఇంట్లో మంచం ఎక్కడుందో, ఆ మంచంలో ఎవరున్నారో కూడా చూడండి.

గడప తీసిన ఏడాదే చలికాలంలో అదే గల్లీలో ఇంకో పని మీద వెళ్లి, కాళ్లు ఆగక ఆ ఇంట్లోకి తొంగిచూశాను. శుక్రవారం. గవాచి మీద జాలీ, కప్పు, అన్నీ సారు చెప్పినట్టే ఉన్నాయి. అర్ర తలుపు పక్కన, బయటివైపు గోడకు, నడుము ఎత్తులో ఒక చెక్క బిగించి ఉంది. చిత్రిక పట్టిన పాత టేకు. నాయిన పెట్టిన చెక్కను మోరిలో వేస్తామా అని తమ్ముడే వడ్రంగిని పిలిచి పట్టుకోవడానికి వీలుగా పెట్టించాడట. ఆమె దాని ముందు నిలబడి కుడిచేత్తో పసుపు రాస్తోంది.

"వంగుడు తప్పింది చెల్లె" అని నవ్వింది. పెదవులు నున్నగా ఉన్నాయి.

అన్న చాయ్ తెచ్చాడు, తనే పెట్టాడట. చక్కెర దంచికొట్టాడు. ఏమీ అనకుండా తాగాను. ఆమెకు చాయ్ బదులు చెంబుతో నీళ్లు ఇచ్చాడు. ఆమె చెంబు ఎత్తి గటగటా చివరిదాకా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. మా ఇద్దరి మాటలూ పొలాల మీదికి, మోకాళ్ల నొప్పుల మీదికి పోయాయి. మాట మధ్యలోనే ఆమె లేచి, పసుపు చెక్కను పట్టుకుంది.

"కూసో చెల్లె, ఇప్పుడే వస్త" అని లోపలికి నడిచింది.